సెకండ్ హ్యాండ్ రివాల్వర్ కొంటున్నారా? నంబర్ ప్లేట్ మార్చినంత తేలిక కాదు!

పాత బైక్ కొనేటప్పుడు ఏం చేస్తాం? ఆర్‌సీ చూస్తాం. ఛాసిస్ నంబర్ సరిచూస్తాం. ఇంజిన్ శబ్దం విని, ఓ రౌండ్ కొట్టి వస్తాం. నచ్చితే అడ్వాన్స్ చేతిలో పెట్టి, పేరు మార్పిడి సంగతి ‘తర్వాత చూద్దాంలే అన్నా’ అంటాం. వర్ని నుంచి బోధన్ దాకా, బాన్సువాడ దాకా ఇప్పటికీ మొదటి ఓనర్ పేరు మీదే తిరిగే బండ్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఇదే అలవాటుతో పాత రివాల్వర్ దగ్గరికి వెళ్తే మాత్రం, రేపు మీకు రావాల్సిన ఉద్యోగం పోలీస్ వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతుంది.

కెరీర్ పేజీలో తుపాకుల గోల ఏంటి అని అడగొచ్చు. నేను ఫోన్లు, గ్యాడ్జెట్ల గురించి రాసేవాణ్ని. చదివింది మెకానికల్. అయినా మన మండలం కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో ఇది అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. ‘అన్నా, మా తాత రివాల్వర్ బీరువాలో ఉంది, ఆయన పోయి ఏడాదైంది, నా పేరు మీదికి మారుతదా, అమ్మేయాల్నా?’ అని ఒకరు. ‘గన్‌మన్ ఉద్యోగానికి సొంత వెపన్ ఉంటే జీతం ఎక్కువంట, సెకండ్ హ్యాండ్‌లో చిన్నది తీసుకుంటే ఎట్లుంటది?’ అని ఇంకొకరు. ఇక రీల్స్ చూసి, తక్కువ ధరకు ‘సామాను’ దొరుకుతుందట అని గుసగుసలాడేవాళ్లు సరే సరి. ఈ ముగ్గురికీ చెప్పాల్సింది వేర్వేరు. మూడో ఆయనకు చెప్పాల్సింది ఒక్క పేరాలో అయిపోతుంది కాబట్టి ముందు అదే చూద్దాం.

లైసెన్సు లేకుండా తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం, పట్టుకుని తిరగడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు, పైన జరిమానా. తుపాకీ అక్కర్లేదు, జేబులో ఒక్క తూటా దొరికినా కేసే. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణమైనా ప్రమాదంలో పెడితే, చేతిలో ఉన్నది లైసెన్సు తుపాకీయే అయినా రెండేళ్ల వరకూ జైలు, లేదా లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. ఇది కూడా 2019 సవరణలో కొత్తగా చేర్చిందే.

జైలు సంగతి అటుంచండి. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైతే నింపే అటెస్టేషన్ ఫారంలో ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా, అరెస్టయ్యారా’ అనే కాలమ్ ఉంటుంది. దాచిపెడితే ఏమవుతుందో 2016 జులైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణంతోనే నియామకాన్ని రద్దు చేసే అధికారం యజమానికి ఉంటుంది. నిజం చెప్పినా, కేసు తీవ్రతను బట్టి తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. గ్రూప్స్‌కో, ఎస్ఐకో, రైల్వేకో మూడేళ్లు చదివి, నాటు తుపాకీతో దిగిన ఒక్క ఫొటో వల్ల ఆ కాలమ్ దగ్గర ఆగిపోవడం కన్నా దండగ ఇంకోటి ఉండదు.

తాత రివాల్వర్ సంగతి

ఇది మాత్రం నిజంగా చాలామంది ఇళ్లలో ఉన్న సమస్య. లైసెన్సు ఉన్న మనిషి చనిపోతే ఆ లైసెన్సు ఆయనతోనే పోతుంది. బీరువాలోని రివాల్వర్ ఆ రోజు నుంచి ఎవరి లైసెన్సు కిందా లేని ఆయుధం. ఇంట్లోవాళ్లు దుఃఖంలో ఉంటారు, ఎవరికీ గుర్తుండదు. కానీ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం వారసులు అనవసర ఆలస్యం లేకుండా దాన్ని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. వర్ని వాళ్లకైతే వర్ని పోలీస్ స్టేషనే. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు. డిపాజిట్ చేశారంటే వదులుకున్నట్టు కాదు, వారసుడికి లైసెన్సు వచ్చాక తిరిగి తీసుకోవచ్చు, లేదా లైసెన్సున్న మరొకరికి అమ్మేయవచ్చు.

వారసుడికి లైసెన్సు ఇచ్చే వెసులుబాటు 2016 ఆయుధాల నిబంధనల్లో ఉంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: తాత బతికుండగానే ఇది చేసుకోవచ్చు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, ఏది ముందైతే అది, తన వారసుల్లో ఒకరిని ఎంపిక చేసి వాళ్ల పేరుతో లైసెన్సుకు దరఖాస్తు చేయించవచ్చు. ఇంట్లో పెద్దాయన ఉంటే ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. ‘తాతా, నీ తర్వాత ఇదేం చేద్దాం?’ అని అడగడానికి ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆ ఇబ్బంది పోలీస్ స్టేషన్‌లో పడే ఇబ్బంది కన్నా చిన్నది.

పేరు మీదికి మార్చుకోవాలన్నా, బయట కొనాలన్నా మీకు సొంతంగా లైసెన్సు కావాల్సిందే. 21 ఏళ్లు నిండాలి, అంటే డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఆగాల్సిందే. దరఖాస్తు ఫారం ఏ-1. దాంతో పాటు తుపాకీని సురక్షితంగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్, శారీరక, మానసిక ఆరోగ్యంపై డాక్టర్ ధ్రువపత్రం, ఇంట్లో భద్రంగా దాస్తామన్న హామీ కావాలి. పోలీస్ కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్, లేనిచోట కలెక్టర్ లైసెన్సింగ్ అధికారి. 2016లో జిల్లాలు విడిపోయాక మనకు ఇక్కడే తికమక. వర్ని నిజామాబాద్ జిల్లాలో, నిజామాబాద్ కమిషనరేట్ పరిధిలో ఉంది. పక్కనే ఉన్న బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి వెళ్లింది. ఓటేసే నియోజకవర్గం బాన్సువాడే కదా అని కామారెడ్డికి వెళ్తే ఓ రోజు బస్ ఛార్జీలు దండగ.

లైసెన్సు అడిగిన ప్రతి ఒక్కరికీ రాదు. స్థానిక పోలీసులు విచారించి రిపోర్ట్ ఇస్తారు. మీకు నిజంగా ప్రాణభయం ఉందా, మీ చేతిలో ఆయుధం ఉంటే ఊళ్లో శాంతికి ఇబ్బందా అని చూస్తారు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని చట్టంలోనే ఉంది. తిరస్కరిస్తే సాధారణంగా కారణం రాసి ఇవ్వాలి, దానిపై అప్పీలుకు వెళ్లొచ్చు. వచ్చిన లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది (2019కి ముందు మూడేళ్లే). ఒక మనిషికి గరిష్ఠంగా రెండు ఆయుధాలే. ఇదివరకు మూడుండేవి. అలా మూడున్నవాళ్లు ఒకటి వదులుకోవాల్సి వచ్చింది కాబట్టి పాత ఆయుధాలు కొన్ని అమ్మకానికి వచ్చాయి.

పాతదే ఖరీదు!

బైక్ పాతబడితే ధర తగ్గుతుంది. ఫోన్ అయితే డబ్బా తెరిచిన రోజే తగ్గుతుంది. మన దేశంలో రివాల్వర్ లెక్క దీనికి రివర్స్. 1980ల మధ్యలో మామూలు జనం విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడాన్ని కేంద్రం ఆపేసింది. అంతకు ముందు వచ్చిన వెబ్లీ అండ్ స్కాట్, స్మిత్ అండ్ వెసన్, కోల్ట్ లాంటివే ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. కొత్తవి రావు, పాతవి తగ్గిపోతుంటాయి, కొనేవాళ్లు మాత్రం ఉంటారు. అందుకే యాభై ఏళ్ల నాటి విదేశీ రివాల్వర్‌కు కొత్త స్వదేశీ దాని కన్నా ఎక్కువ చెబుతారు. పేరు కోసం కడుతున్న ఆ ధరలో లోహం నాణ్యత ఎంత, మోజు ఎంత అని అడిగితే, మోజే ఎక్కువ అంటాను.

స్వదేశీలో మొదట చూడాల్సింది కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్. ఆరు తూటాలు పడతాయి. పాత వెబ్లీ నమూనాలో, మధ్యలో మడత పెట్టినట్టు తెరుచుకుంటుంది. 2014 జనవరిలో మహిళల కోసమంటూ ‘నిర్భీక్’ వచ్చింది. బరువు 500 గ్రాములు, విడుదలప్పుడు ధర సుమారు లక్షా 22 వేలు. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడగొట్టాక, వాటిలో ఒకటైన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా 2023 ఆగస్టులో ‘ప్రబల్’ను తెచ్చింది. దీని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, బరువు దాదాపు 700 గ్రాములు, గొట్టం పొడవు 76 మిల్లీమీటర్లు.

తేలికగా, జేబులో పట్టేది మంచిదని అందరూ అనుకుంటారు. ఇక్కడ మీ ఇంటర్ ఫిజిక్స్ పనికొస్తుంది. .32 రివాల్వర్ బుల్లెట్ బరువు సుమారు 6.35 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 210 మీటర్లు అనుకుందాం. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రంలో పెడితే 500 గ్రాముల రివాల్వర్ సెకనుకు సుమారు 2.7 మీటర్ల వేగంతో వెనక్కి తన్నుతుంది, 700 గ్రాములదైతే 1.9 మీటర్లతో. మందు పొగ కలపకుండా వేసిన మోటు లెక్కే ఇది. కానీ చిన్న పిడి, తక్కువ బరువు, పొట్టి గొట్టం కలిస్తే కొత్తవాళ్లకు గురి కుదరదని అర్థమవుతుంది. ఎప్పుడూ నడుముకే ఉండాలంటే తేలికది, ఇంట్లో లాకర్‌లో ఉండేదైతే బరువున్నది. నా ఓటు బరువున్నదానికే.

క్యాలిబర్ విషయంలో బేరాల్లేవు. 9 ఎంఎం పిస్టళ్లు, .38, .455 బోర్ రివాల్వర్లు నిషేధిత బోర్ కిందికి వస్తాయి, మామూలు లైసెన్సుతో కొనలేరు. ‘.38 ఉంది, మంచి కండిషన్, పేపర్లు తర్వాత చూసుకుందాం’ అని ఎవరైనా అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

అసలు కొనుగోలు ఎలా జరగాలి? అమ్మే వ్యక్తి డీలర్ కాకుండా లైసెన్సుదారే అయితే, అమ్మాలనుకుంటున్నట్టు జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గర్లోని స్టేషన్ అధికారికి గానీ ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. అప్పటిదాకా ఆయుధం చేతులు మారకూడదు. కొనే మీ దగ్గర అప్పటికే అదే రకం ఆయుధానికి అనుమతి ఉన్న లైసెన్సు ఉండాలి. కొన్నాక ఆయన లైసెన్సులో తీసివేసి, మీ లైసెన్సులో తయారీదారు పేరు, బోర్, సీరియల్ నంబర్ ఎక్కించాలి. ఇవి ఆయుధం మీద ఉన్నదానితో అక్షరం అక్షరం సరిపోవాలి. పాత వాటిపై పదే పదే పాలిష్ చేయించడం వల్ల నంబర్ అరిగిపోయి 3 కాస్తా 8 లాగా కనిపిస్తుంది. అలా అనుమానం వస్తే అధికారుల ముందు తేల్చుకున్నాకే డబ్బు. గీకేసిన, మళ్లీ చెక్కిన నంబర్ కనిపిస్తే దానికి ధరే లేదు, ఉచితంగా ఇచ్చినా వద్దు. వీలైతే లైసెన్సున్న డీలర్ ద్వారానే లావాదేవీ జరపండి. కమీషన్ పోతుంది, కానీ రిజిస్టర్లో పద్దు మిగులుతుంది.

చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి?

ఈ భాగం మెకానికల్ వాళ్లకు బాగా నచ్చుతుంది. డీలర్ షాపులోనే, లైసెన్సుదారు ఎదుటే చూడాలి. ముందుగా సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయో లేదో కళ్లతో చూడండి. ‘ఖాళీదే తమ్మీ’ అని ఆయన ఇప్పుడే చూసి ఇచ్చినా సరే, మళ్లీ మీరు చూడండి. మూతి ఎవరి వైపూ ఉండకూడదు, వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు.

తర్వాత గొట్టం లోపల లైటు వేసి చూడండి. మెలికలు తిరిగిన గాడులు, అంటే రైఫ్లింగ్, పదునుగా మెరుస్తూ ఉండాలి. నల్లటి మచ్చలుంటే మసి కావచ్చు, తుడిస్తే పోతుంది. గుంటలైతే తుప్పు తినేసినట్టే. గొట్టం మధ్యలో ఉంగరంలా చిన్న ఉబ్బు కనిపిస్తే ఎప్పుడో లోపల బుల్లెట్ ఇరుక్కుపోగా దాని వెనకే ఇంకోటి కాల్చారని అర్థం. అది కొనొద్దు.

అసలు ప్రాణం సిలిండర్‌లో ఉంటుంది. రివాల్వర్‌లో తూటా గది వేరు, గొట్టం వేరు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ గది తిరిగి గొట్టానికి తిన్నగా వచ్చి ఆగాలి. షాపు యజమాని అనుమతితో ఖాళీ రివాల్వర్ హ్యామర్ నెమ్మదిగా లాగి, ఆరు గదులూ ఒక్కొక్కటిగా ఆగుతున్నాయా గమనించండి. ట్రిగ్గర్ నొక్కి పట్టినప్పుడు సిలిండర్ పక్కలకు ఊగకూడదు. వెంట్రుకవాసి కదలిక సహజం, గడగడలాడితే అరిగిపోయినట్టు. గది తిన్నగా రాకపోతే బుల్లెట్ గొట్టం అంచును గీసుకుంటూ వెళ్తుంది, సీసం ముక్కలు పక్కలకు చిమ్ముతాయి, అవి పక్కన నిలబడ్డ మనిషి కంట్లో పడొచ్చు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవొచ్చు. మీ ల్యాబ్‌లో స్పార్క్ ప్లగ్‌కు వాడే అదే గేజ్. సాధారణంగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టే.

మడత రివాల్వర్లలో మరో బలహీనత ఉంది. వందల సార్లు తెరిచి మూసేసరికి కీలు, పైన కొక్కెం అరుగుతాయి. మూసి ఉన్నప్పుడు గొట్టం పట్టుకుని నెమ్మదిగా కదిపితే చప్పుడు రాకూడదు. సినిమాల్లో హీరో మణికట్టు విదిలించి టక్కున మూస్తాడే, ఆ స్టైలే ఇలాంటి కీళ్లను చంపేది. హ్యామర్ లాగి ఉంచినప్పుడు వెనక నుంచి బొటనవేలితో కాస్త నెడితే అది పడిపోకూడదు, పడితే లోపలి పళ్లు అరిగినట్టు.

‘పొలం గట్టు మీద ఓ రౌండ్ కాల్చి చూద్దాం’ అనే మాటే వద్దు. నిజాంసాగర్ ఆయకట్టులో గట్టు మీద ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. కాల్చి చూడాల్సింది అనుమతి ఉన్న రేంజిలోనే. అన్నట్టు, అడవి పందుల బెడదకు రివాల్వర్ పనికొస్తుందా అని అడిగిన రైతు బిడ్డలకు: రాదు. పంట రక్షణకు వేరే రకం లైసెన్సు ఉంది, దానికి వాడే తుపాకీ వేరు.

‘.32’ అంటే ఏ .32?

తూటాల దగ్గర ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. మన దగ్గర ‘.32’ అని పిలిచేవి రెండున్నాయి. రివాల్వర్‌ది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, 1896 నాటి డిజైన్. పిస్టల్‌ది .32 ఏసీపీ, దీన్నే 7.65 బ్రౌనింగ్ అంటారు, 1899 నాటిది. రివాల్వర్ తూటా ఇత్తడి గొట్టం దాదాపు 23 మిల్లీమీటర్ల పొడవు, అడుగున వెడల్పాటి అంచు, ముందు సాధారణంగా బూడిద రంగు సీసపు బుల్లెట్. పిస్టల్‌ది 17 మిల్లీమీటర్లు, అంచు సన్నం, బుల్లెట్‌కు రాగి తొడుగు.

చిక్కేమిటంటే పిస్టల్ తూటా చాలా రివాల్వర్ గదుల్లోకి దూరిపోతుంది! పట్టింది కదా అని కాల్చకూడదు. దాని పీడనం ఎక్కువ, పాత రివాల్వర్ లోహం దానికోసం తయారైంది కాదు. పెట్రోల్ బండిలో డీజిల్ కూడా పడుతుంది కదా, అలాగన్నమాట. పైగా 1878 నాటి పొట్టి .32 స్మిత్ అండ్ వెసన్ అని ఇంకోటి ఉంది. కొన్ని పాత విదేశీ రివాల్వర్లు ఆ పొట్టిదానికే చేసినవి, వాటిలో లాంగ్ తూటా పట్టదు. కాబట్టి గొట్టం మీద చెక్కిన పేరు, డబ్బా మీది పేరు, తూటా అడుగున ముద్ర, లైసెన్సులో రాసిన బోర్ నాలుగూ ఒకటే కావాలి. తేడా ఉంటే గన్‌స్మిత్‌ని అడగండి, మిత్రుణ్ని కాదు.

స్వదేశీ .32 తూటాలు పుణె దగ్గర ఖడ్కీలోని, 1869లో మొదలైన కర్మాగారం నుంచి వస్తాయి. ఇప్పుడది మునిషన్స్ ఇండియా కింద ఉంది. ఆన్‌లైన్‌లో విదేశీ వీడియోలు చూసి ఫలానా హాలో పాయింట్, ఫలానా ప్లస్-పీ కావాలని మన షాపుల్లో అడిగితే నవ్వుతారు. ఎంచుకోవాల్సింది బ్రాండ్‌ను కాదు, తాజాదనాన్ని. సీల్ తీయని డబ్బా, వీలైనంత కొత్త తయారీ, అన్నీ ఒకే డబ్బాలోవి. రివాల్వర్‌తో పాటు అమ్మేవాళ్లు ‘ఇవి కూడా ఉంచుకో’ అని చేతిలో పెట్టే పాత తూటాలు తీసుకోవద్దు. అవి కూడా లెక్క ఉండాల్సిన సరుకే, నోటి మాటతో చేతులు మారకూడదు. పైగా ఎన్ని వానాకాలాలు చూశాయో తెలియదు. తోలు హోల్‌స్టర్‌లోనో, తోలు బెల్టులోనో ఏళ్ల తరబడి ఉన్న ఇత్తడికి పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టినవి, నొక్కుపడ్డవి, బుల్లెట్ వదులైనవి డీలర్‌కు అప్పగించడమే. గీకి తుడిచి వాడకండి. ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో లైసెన్సులోనే ఉంటుంది, కొన్న ప్రతిసారీ అందులో ఎక్కుతుంది.

రేంజిలో ట్రిగ్గర్ నొక్కితే ‘టక్’మని ఊరుకుందనుకోండి, వెంటనే తెరవొద్దు. మూతి లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి, మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. పేలింది గానీ శబ్దం మరీ చిన్నగా, ‘ఫుస్’మని వచ్చిందా? రెండోసారి నొక్కొద్దు. బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఇందాక చెప్పిన ఉంగరం ఉబ్బు ఇలాగే వస్తుంది. అదృష్టం బాగోకపోతే చేతిలోనే పగులుతుంది.

ఈ తూటా శక్తి ఎంత? అవే లెక్కలతో సుమారు 140 జౌళ్లు. పోలీసుల 9 ఎంఎంకు అది దాదాపు 490. అంటే ఇది ఆటబొమ్మ కాదు, సినిమాలో చూపించినట్టు మనిషిని పది అడుగులు ఎగరేసేదీ కాదు. ప్రాణాలు మాత్రం తీస్తుంది. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది, కానీ అవసరానికి మించి హాని చేస్తే ఆ రక్షణ దక్కదు. పొలం గట్టు తగాదా, పార్కింగ్ గొడవ ఆ లెక్కలోకి రావు.

ఇంట్లో ఆయుధం, తూటాలు వేర్వేరుగా తాళం వేసి ఉంచాలి. బయట తిరిగేటప్పుడు హోల్‌స్టర్‌లోనే ఉండాలి, తీసి చూపించడం నిబంధనలకు విరుద్ధం. ఎన్నికల కోడ్ వస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయమని పిలుస్తారు. గత అసెంబ్లీ ఎన్నికలకు 2023 అక్టోబరు 9న కోడ్ వచ్చింది, పోలింగ్ నవంబరు 30న. అలాంటి రోజుల్లో ‘సొంత వెపన్’ మీదే ఆధారపడ్డ గన్‌మన్ ఏం చేస్తాడు?

గన్‌మన్ ఉద్యోగం లెక్క

‘సొంత ఆయుధం ఉన్నవారికి ప్రాధాన్యం’ అనే ప్రకటనలు చూసి లక్ష అప్పు చేసేవాళ్ల కోసం ఈ మాట. వ్యక్తిగత రక్షణకు ఇచ్చిన లైసెన్సు మీ రక్షణకే. ఆ ఆయుధంతో వేరేవాళ్ల దగ్గర కాపలా ఉద్యోగం చేస్తే లైసెన్సు షరతు ఉల్లంఘన కిందికి రావొచ్చు. షరతు మీరితే 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకూ జైలు లేదా రెండు వేల వరకూ జరిమానా, లేదా రెండూ. అన్నింటికన్నా నష్టం, లైసెన్సు రద్దు కావడం. అప్పుడు లక్ష పెట్టి కొన్నది స్టేషన్ మాల్‌ఖానాలో ఉంటుంది, ఈఎంఐ మీ నెత్తిన ఉంటుంది. సెక్యూరిటీ ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉందా అని ముందు అడగండి. కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు 100 గంటల తరగతులు, 60 గంటల ఫీల్డ్ శిక్షణ కనీసం 20 పని దినాల్లో ఇవ్వాలి. శిక్షణ మాటెత్తకుండా మీ ఆయుధం గురించే అడిగే ఏజెన్సీకి కావాల్సింది మీరు కాదు, మీ లైసెన్సు కాపీ.

తుపాకులంటే నిజంగానే ఆసక్తి ఉంటే అప్పు చేయకుండానే దారులున్నాయి. 4.5 ఎంఎం లోపు, 20 జౌళ్లకు మించని ఎయిర్ పిస్టల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తోనే. టార్గెట్ షూటింగ్‌లో చేరినవాళ్లకు స్పోర్ట్స్ కోటా తలుపు కూడా తెరుచుకోవచ్చు. ఐటీఐ ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ చేసినవాళ్లయితే పైన చెప్పిన ప్రభుత్వ ఆయుధ సంస్థల అప్రెంటిస్ నోటిఫికేషన్ల మీద కన్నేయండి. మనకు దగ్గర్లో సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాలు తయారుచేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది. కేంద్ర బలగాల్లో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ పోస్టులుంటాయి. ఫిజిక్స్ డిగ్రీ వాళ్లు ఫోరెన్సిక్ సైన్స్‌లో పీజీ చేసి బాలిస్టిక్స్ వైపు వెళ్లొచ్చు. ఏ గొట్టం నుంచి ఏ బుల్లెట్ వచ్చిందో ఆ గాడుల గీతలు చూసి కోర్టులో చెప్పే పని అది. ఆ ఉద్యోగాలన్నింటికీ దరఖాస్తులో మొదట అడిగేది రివాల్వర్ ఉందా అని కాదు, కేసులేమైనా ఉన్నాయా అని.